అయిదు పొయ్యిల కొండ

బెజవాడలో ఉంటూ కొండల వంక చూడకుండా బతకడం తేలికైన పనేమీ కాదు. ఏ వీధి మొదట్లో నిలబడి తలెత్తినా ఏదో ఒక కొండ కళ్ళకి అడ్డం పడుతుంది. అయినా జమాల్ బీ ఆరేళ్ళుగా అలాగే బతుకుతోంది. భవానీపురంలో అద్దె ఇల్లు మారాల్సొచ్చినప్పుడల్లా, గుమ్మం నదివైపుకి ఉన్న ఇల్లే కావాలని పట్టుబట్టింది. పనికి వెళ్ళేటప్పుడు తల వంచుకుని తన చెప్పుల వంకే చూస్తూ నడుస్తుంది. గన్నవరంలో ఉన్న అక్కని చూడ్డానికి బస్సెక్కితే, ఊరు దాటేదాకా కొంగు కళ్ళమీదికి లాక్కుని కూర్చుంటుంది. పక్కవాళ్ళు పాపం ఈవిడకి బస్సు పడదేమో అనుకునేవాళ్ళు.

అలాంటి మనిషిని పట్టుకుని హిమాలయాలకి రమ్మన్నారు.

ఆమె ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. అక్కడ బోటనీ చెప్పే పద్మావతమ్మగారు ప్రతి వేసవిలోనూ కొంతమంది పిల్లల్ని వెంటబెట్టుకుని క్యాంపుకి వెళ్తారు. అడవుల్లో గుడారాలు వేసుకోవడం, చెట్లూ చేమలూ చూడడం, నాలుగు రోజులుండి రావడం. రెండువేల ఒకటిలో మాత్రం ఆవిడ, రిటైరయ్యేలోపు ఒక్కసారైనా పిల్లలకి మంచుకొండలు చూపించాలని పంతం పట్టారు.

"రత్తయ్యని తీసుకెళ్దామంటే అంతా ఆడపిల్లలాయె, పడకలు గుడారాల్లోనాయె," అన్నారు వంటింటి గుమ్మంలో నిలబడి. రత్తయ్య హాస్టల్లో పెద్ద వంటవాడు. "నువ్వయితే పిల్లలకి తోడుంటావు. పైగా నీకు ఉర్దూ వచ్చు, అక్కడివాళ్ళతో మాట్లాడతావు. నా హిందీ వింటే గుర్రాలు కూడా బెదిరిపోతాయి. రావాలి జమాలమ్మా, కాదనకు."

జమాల్ బీ బియ్యం కడుగుతోంది. కడుగుతున్న చెయ్యి నీళ్ళలోనే ఆగిపోయింది.

"కొండల్లోకా అమ్మగారూ?"

"కొండల్లోకే. కృష్ణలో స్నానానికి నిన్ను పిలవాలా ఏమిటి?" అని నవ్వి వెళ్ళిపోయారావిడ. ఆవిడకేం తెలుసు?

హాస్టల్లో ఎవరికీ తెలియదు. జమాల్ బీ ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవదని తెలుసు గానీ, ఎందుకు లేవదో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

అంతకుముందు వాళ్ళ కాపురం వించిపేట దాటాక కొండవాలు మీద. బండల మధ్య ఎక్కడ కాస్త చదును దొరికితే అక్కడ ఇల్లు కట్టుకునే మనుషులు వాళ్ళంతా. నీళ్ళ బిందె చంకనెత్తుకుని మెట్లెక్కితే పైకి వెళ్ళేసరికి సగం చీర తడిసిపోయేది. జమాల్ బీ భర్త ఖాలిక్ కింద బజార్లో స్టవ్వులు బాగుచేసేవాడు. పెద్దవాడు అఫ్రాజ్, చిన్నది జుబియా. జుబియాకి ఏడేళ్ళు.

ఆ ఏడు వానలు పట్టుకుంటే వదల్లేదు. ఒక పొద్దున, ఖాలిక్ పనికి దిగాక, అఫ్రాజ్ బడికి పోయాక, చూరు నీళ్ళు పట్టడానికి గిన్నె తీసుకుని జమాల్ బీ గుమ్మం బయటికి వచ్చింది. వెనక ఎక్కడో పైన లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడయింది. ఇంత ఎత్తుకి లారీ ఎలా వచ్చిందబ్బా అనుకుంటూ వెనక్కి తిరిగింది. ఆమెకి గుర్తున్నది అంతే.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి. చేతికి కట్లు, తలకి కట్లు. పక్కన ఖాలిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే అన్నీ అయిపోయాయి.

"జుబియా ఏదీ?" అంది.

"లేదు," అన్నాడు.

ఆ ఒక్క ముక్కే. ఆ తర్వాత ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఆసుపత్రి నుంచి తిన్నగా భవానీపురం ఇంటికి తీసుకొచ్చాడు. పాత ఇంట్లో మిగిలిన సామానేదో అప్పటికే తెచ్చి సర్ది ఉంది. అందులో పిల్ల గౌన్లు లేవు, పలక లేదు, రిబ్బన్లు లేవు. ఏం చేశావని ఆమె అడగలేదు. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదన్న సంగతి అఫ్రాజ్‌కి కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ముగ్గురూ తిన్నారు, పనులకి పోయారు, పండగలకి కొత్త బట్టలు కుట్టించుకున్నారు. ఆరేళ్ళు గడిచాయి.

ఖాలిక్ ఎలాగూ వద్దంటాడు, ఆ మాటే పద్మావతమ్మగారికి చెప్పేద్దామనుకుని జమాల్ బీ సాయంత్రం సంగతి చెప్పింది. అతను బర్నరు ఊడదీసి బ్రష్‌తో రుద్దుతున్నాడు.

"వెళ్ళు," అన్నాడు తలెత్తకుండా.

"కొండలండీ. పెద్ద పెద్ద కొండలంట."

"విన్నాను." కాసేపు రుద్దాడు. "ఎన్నాళ్ళని అలా తల వంచుకుని నడుస్తావు?"

జమాల్ బీ ఉలిక్కిపడింది. తను నేలవంక చూసి నడిచే సంగతి ఎవరూ కనిపెట్టలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

రెండు రైళ్ళు మారి, ఆ తర్వాత బస్సులో మలుపులు తిరుగుతూ తిరుగుతూ వెళ్ళారు. పిల్లలు వాంతులు చేసుకుంటుంటే జమాల్ బీ నిమ్మకాయలు కోసి అందిస్తూ కూర్చుంది. కిటికీ బయటికి మాత్రం చూడలేదు. బస్సు దిగాక మిట్ట మీద పచ్చిక బయలు, అందులో వరసగా గుడారాలు, పక్కనే రేకుల కప్పుతో వంటపాక. గుడారాలు అద్దెకిచ్చే ముసలాయన ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. జమాల్ బీ ఆయన్ని చాచా అని పిలిచింది. ఆ మిట్ట మీద ఆయన మాట ఆమె ఒక్కదానికే పూర్తిగా అర్థమయ్యేది.

"కొండ ఎక్కడుంది?" అని పిల్లలంతా ఆయన మీద పడ్డారు.

ఆయన ఎదురుగా చెయ్యి చూపించాడు. అక్కడ పొగమంచు తప్ప ఏమీ లేదు. తెల్లగా, దట్టంగా, ఆకాశం దాకా తడి దుప్పటి ఆరేసినట్టుంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిల్లలు మొహాలు వేలాడేసుకున్నారు. వాళ్ళలో ఉషశ్రీ అనే పిల్లకి మరీ దిగులు. నాగాయలంక దగ్గర పల్లెటూరు వాళ్ళది. చేలూ, కాలవలూ, ఆపైన సముద్రం. "మా ఊళ్ళో తాటిచెట్టు తర్వాత ఎత్తయింది గడ్డివామే జమాలమ్మా," అనేది. "బెజవాడ వచ్చి హాస్టల్లో చేరినరోజు కొండని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయా. అదే అంతుంటే ఇక్కడిది ఎంతుంటుందో కదా!" రొట్టెలు చెయ్యడం నేర్చుకుంటానని వంటపాకలోనే కూర్చునేది. ఆమె చేసిన రొట్టెలన్నీ కృష్ణాజిల్లా పటంలా వచ్చేవి.

జమాల్ బీకి మాత్రం ఆ మంచే హాయిగా ఉంది. ఈ నాలుగు రోజులూ ఇలాగే మూసుకుని ఉంటే, వండిపెట్టి, గిన్నెలు తోమి, ఏమీ చూడకుండా ఇంటికి పోవచ్చుననుకుంది.

మూడోరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. పిల్లలంతా పెద్ద గుడారంలో దూరి పాటల పోటీ పెట్టుకున్నారు. జమాల్ బీ వంటపాకలో ఉల్లిపాయలు తరుగుతోంది. అప్పుడు పైనెక్కడో, మిట్ట వెనక నుంచి, లారీలోంచి కంకర దింపుతున్నట్టు చప్పుడయింది.

కత్తిపీట తన్నేసి పరిగెత్తింది. గుడారంలోకి దూరి, చేతికందిన జడా, చెయ్యీ, చున్నీ పట్టుకుని పిల్లల్ని బయటికి ఈడ్చింది. "లేవండే! బయటికి రండే! వస్తోందే!" అని అరుస్తోంది. పిల్లలు కెవ్వుమన్నారు. ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. తాళ్ళు తెగి గుడారం కూలిపోయింది. పరుపులూ దుప్పట్లూ బురదలో తడిసి ముద్దయ్యాయి. ఒకమ్మాయి మోకాలు కొట్టుకుపోయింది.

"మతి పోయిందా జమాలమ్మా నీకు?" పద్మావతమ్మగారు వానలోనే నిలబడి కేకలేశారు. "ఏమొచ్చిందని? ఎక్కడొచ్చింది?"

జమాల్ బీ ఉషశ్రీ మణికట్టు పట్టుకుని ఉంది. వదలమన్నా వదల్లేదు. ఇంతలో ముసలాయన గొడుగేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏదో చెప్పాడు. ఆయన చెప్పింది మిగతావాళ్ళకి అర్థం కాలేదు. అందరూ జమాల్ బీ మొహం వంక చూశారు.

"లారీ అంట," అంది ఆమె చివరికి. "పైన రోడ్డేస్తున్నారంట. కంకర దింపారంట."

ఒకరిద్దరు పిల్లలు నవ్వారు. ఎవరో ఏడుస్తున్నారు. జమాల్ బీ ఉషశ్రీ చెయ్యి వదిలేసి, బురదలోంచి దుప్పట్లు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

పొయ్యి దగ్గర తాడు కట్టి దుప్పట్లు ఆరేస్తుంటే పద్మావతమ్మగారు వచ్చి కాసేపు నిలబడ్డారు. "పిల్లలు బెదిరిపోయారని కసిరాను. ఏమనుకోకు. అసలేమయిందీ?" అని అడిగారు. "ఏం లేదమ్మగారూ," అంది జమాల్ బీ. ఆవిడ పిల్లల దగ్గరికి వెళ్ళారు. ఉషశ్రీ మాత్రం పీటమీద కూర్చుని మణికట్టు రుద్దుకుంటూ ఉండిపోయింది. దానిమీద గోళ్ళ గుర్తులున్నాయి.

"జమాలమ్మా, ఒకటడగనా? నన్ను లాగేటప్పుడు జుబియా, జుబియా అని పిలిచావు. ఎవరు?"

ఆరేళ్ళలో ఇంకొకరి నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. జమాల్ బీ దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నా కూతురు."

"ఎక్కడుంటుంది?"

"లేదమ్మా. కొండమీంచి రాయి దొర్లి ఇంటిమీద పడింది. పిల్ల లోపల ఉండిపోయింది. నేను బయట ఉన్నా. గుమ్మానికీ నాకూ ఎంత దూరమనీ, రెండడుగులు. నిన్ను లాగాను చూడు, అట్లా లాగడానికి నాకు అప్పుడు కుదరలేదు."

ఉషశ్రీ లేచి వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి నీళ్ళు పిండి తాడుమీద వేశారు.

తెల్లవారుతుండగా జమాల్ బీ ఎప్పటిలాగే అందరికన్నా ముందు లేచింది. వాన వెలిసింది. నీళ్ళకని బకెట్టు తీసుకుని, అలవాటు చొప్పున తల వంచుకుని గడ్డిలో నడుస్తోంది. కుళాయి దగ్గర ముసలాయన మొహం కడుక్కుంటున్నాడు.

"అమ్మా, పైకి చూడు," అన్నాడు వాళ్ళ భాషలో.

ఎవరో చూడమంటే ఎవరైనా చూసినట్టే ఆమె తలెత్తింది. ముందు ఏమీ కనపడలేదు. మబ్బులే కనిపించాయి. "ఇంకా పైకి," అన్నాడాయన. ఆకాశమే ఉండాల్సిన చోట, మబ్బులకి పైన, కొండ ఉంది.

బకెట్టు కింద పెట్టేసింది.

అంత ఎత్తున భూమి ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కింద సగం ఇంకా చీకట్లోనే ఉంది. ఆ చీకటి మీద తెల్లటి గోడలాగా లేచి, ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకుని, అయిదు కొనలు. చూస్తుండగానే మొదటి కొన ఎర్రబడింది. ఆ తర్వాత దాని పక్కది. ఎవరో వరసగా వంగి ఒక్కోదాన్నీ ఊదుకుంటూ పోతున్నట్టు అయిదింటికీ నిప్పు అంటుకుంది. ఎక్కడా చప్పుడన్నది లేదు.

"దాని పేరేంటి చాచా?"

"పంచచూలి. పాంచ్ చూల్హే అన్నమాట. అయిదు పొయ్యిలు. పాండవులు స్వర్గానికి పోయేముందు ద్రౌపది అయిదు పొయ్యిలు పెట్టి ఆఖరిసారి వాళ్ళకి వండిపెట్టింది ఇక్కడేనంట. మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు." ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జమాల్ బీ తడిగడ్డిలోనే కూర్చుండిపోయింది. భయం వేస్తుందని చూసింది. వెయ్యలేదు. కోపం వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. బెజవాడ కొండమీద కాపురమున్నప్పుడు జుబియా అడుగుతుండేది, అమ్మీ, మన కొండ పైన ఏముంటుందీ అని. ఇంకో కొండ ఉంటుందనేది తను, నీళ్ళు మోసొచ్చిన ఆయాసంతో. దాని పైన? ఇంకోటి. దాని పైన? నోర్మూసుకుని పడుకో, అనేది. ఇప్పుడు ఆ పిల్ల పక్కన ఉంటే చెయ్యి పట్టుకుని చూపించేది. అదుగో, ఆ పైనది ఇది, ఇంక దీనిపైన ఏమీ లేదు, అనేది. పిల్ల ఊరుకునేదా, ఇంకో వంద అడిగేది.

"ఇంత పెద్దదానివి నువ్వు," అంది జమాల్ బీ పైకే, తెలుగులో, ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు. "ఇంత మంచు మోసుకుని, ఇన్ని వానల్లో, ఎట్లా నిలబడ్డావో అట్లాగే ఉన్నావు. మాదెంత కొండ? నీ కాలి గోరంత ఉండదు. దానికేం పోయేకాలం వచ్చింది? నా పిల్ల బయటికొచ్చిందాకా ఆగలేకపోయిందా? ఒక్క అరగడియ ఆగలేకపోయిందా?"

అప్పుడు వచ్చింది ఏడుపు. ఆసుపత్రిలో రానిది, ఇంటికొచ్చాకా రానిది, ఆరేళ్ళూ ఎక్కడ దాక్కుందో, గొంతు చీల్చుకుని వచ్చింది. పిల్లలు గుడారాల్లోంచి "మేడమ్, కొండ! కొండ!" అని కేరింతలు కొడుతూ బయటికొచ్చి, గడ్డిలో కూర్చుని గుండెలు బాదుకుంటున్న మనిషిని చూసి ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పద్మావతమ్మగారికి రాత్రే ఉషశ్రీ చెప్పినట్టుంది. ఆవిడ మెల్లగా వచ్చి పక్కన చతికిలబడ్డారు. తన శాలువ తీసి జమాల్ బీకి కప్పారు.

"లోపలికి తీసుకెళ్ళనా?"

"వద్దమ్మగారూ. చూస్తాను."

మబ్బులు మళ్ళీ కమ్మేదాకా చూసింది. ఒక్కసారి కూడా తల దించలేదు. ఆ పూట ఉప్మా పద్మావతమ్మగారే చేశారు. ఉప్పు వెయ్యడం మర్చిపోయారు. పిల్లలంతా మారు మాట్లాడకుండా తిన్నారు.

బెజవాడ స్టేషన్లో రైలు దిగేసరికి ఎండ మండిపోతోంది. ఖాలిక్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. సంచీ అందుకుని, "బాగా జరిగిందా?" అన్నాడు. "ఆఁ" అంది. ఆటో వన్ టౌన్ మీదుగా వెళ్తోంది. కొండవాలు మీద ఇళ్ళు, రంగురంగుల గోడలు, డాబాల మీద ఆరేసిన బట్టలు. జమాల్ బీ కొంగు కళ్ళమీదికి లాక్కోలేదు. మెడ తిప్పి, ఆటో మలుపు తిరిగేదాకా ఆ వాలు వంకే చూసింది. ఖాలిక్ ఆమెను చూశాడు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అతనిచ్చిన మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి అడిగింది.

"ఏవండీ, మొహం ఎట్లా ఉంది?"

"ఎవరి మొహం?" అన్నాడు గానీ, అంటుండగానే అతనికి తెలిసిపోయింది. గోడకి చేరగిలబడ్డాడు.

"నేను చూడలేదు కదా. మీరే చూశారు. చెప్పండి."

"ఇప్పుడెందుకే..."

"ఇప్పుడు వింటాను. చెప్పండి. దాచొద్దు."

ఖాలిక్ మొదలుపెట్టాడు, నేలవంక చూస్తూ.

"కుడివైపు ఏమీ కాలేదు. దెబ్బన్నదే లేదు. నిద్రపోతున్నట్టుంది. ఎడమవైపు... అటువైపు మీ అక్క గుడ్డ కప్పేసింది. నన్ను చూడొద్దంది. నేను చూశాను."

"కళ్ళు?"

"మూసే ఉన్నాయి."

"ఊఁ."

"గుప్పిట బిగించి ఉంది. స్నానం చేయించే ఆడవాళ్ళు విప్పబోతే రాలేదు. నన్ను పిలిచారు. నేను ఒక్కో వేలే తీశాను. లోపల మరమరాలున్నాయి. నానిపోయి, ముద్దయిపోయి. ఎక్కడ దొరికాయో దానికి."

"నేనే పెట్టాను," అంది జమాల్ బీ. "అన్నం ఉడికేదాకా ఆగమని గిన్నెలో పోసి ఇచ్చాను. తింటూ ఉందన్నమాట."

"తింటూ ఉంది."

"భయపడ్డట్టు లేదు కదా?"

"లేదు. మొహంలో ఏమీ లేదు. నీమీద ఒట్టు."

ఖాలిక్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆ రోజు పిల్లని మోసుకుని మెట్లు దిగినవాడు, గుంటలో దింపినవాడు, తిరిగొచ్చి పెళ్ళాం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నవాడు అతనొక్కడే. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెబితే ఆమె ఏమైపోతుందోనని భయం. జమాల్ బీ దగ్గరికి జరిగి, లేవని ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో అతని వీపు నిమిరింది. అడిగినవన్నీ చెప్పాడతను. వాన ఎప్పుడు తగ్గిందీ, ఎవరెవరు వచ్చిందీ, గౌన్లూ పలకా ఎవరికిచ్చేసిందీ. చెబుతూ చెబుతూ ఏడ్చాడు, ఏడుస్తూ చెప్పాడు. అఫ్రాజ్ పనినుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసి, చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళి హోటలు నుంచి అన్నం పట్టుకొచ్చాడు. ముగ్గురిలో ఎవరూ ముట్టలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఖాలిక్ ఆమెను ఖబరస్తాన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళు లోపలికి పోరు. ఆమె ఇనప గేటు చువ్వలు పట్టుకుని బయటే నిలబడింది. ఖాలిక్ పక్కన నిలబడి చెయ్యి చాపి చూపించాడు.

"ఆ గోడ పక్కన వేపమొక్కలున్నాయి చూడు. అటునుంచి మూడో గోరీ. చుట్టూ రాళ్ళు పేర్చి ఉంది."

జమాల్ బీ వెతికింది. పెద్ద పెద్ద గోరీల మధ్య మొదట కంటికి ఆనలేదు. తర్వాత దొరికింది. జానెడు ఎత్తు మట్టి, దానిమీద ఎండిన గడ్డి.

"అదేనా?"

"అదే."

"ఇంత చిన్నదా?" అంది.

"ఏడేళ్ళదే కదా," అన్నాడు.